పై ఇంటి బరువులు, కింది ఇంటి డైరీ

మీ పై ఫ్లాట్‌లో ఉండే మనిషి మీకు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నాడా? అయితే మీ అంత అదృష్టవంతులు లేరు. అందులోనూ హౌసింగ్ సంస్థవారి ఇంట్లో అద్దెకుంటే ఇక చెప్పక్కర్లేదు. హాయిగా నిద్రపోయేవాళ్ళు ఈ లోకంలో ఏం సాధించారు గనక?

బర్న్‌లీ అనే ఊళ్ళో ఉండే జానిస్ క్లెగ్‌నే తీసుకోండి. ఆమెది వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ. పొద్దున్నే ఇంటికొచ్చి, టీ తాగి, కర్టెన్లు మూసి పడుకుంటుంది. సరిగ్గా తొమ్మిదింటికి పైన డీన్ వ్యాయామం మొదలవుతుంది. ఇనుప బరువులు ఎత్తుతాడు. ఎత్తితే ఎవరికి నష్టం? దించడమే అతనికి చేతకాదు, వదిలేస్తాడు. ప్రతి దెబ్బకీ అతని కుక్క తన అభిప్రాయం చెబుతుంది.

మొన్న నిద్రమత్తులో ఒకావిడ మాత్రలు ఇంకొకావిడ నోటిదాకా తీసుకెళ్ళింది జానిస్. మళ్ళీ ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజరు చెప్పేసింది.

"ఏంటక్కా, మొహం అలా పీక్కుపోయింది?" అని మెట్ల మీద పరామర్శించాడు డీన్. "కాసేపు పడుకోకూడదూ?"

"పడుకోనిస్తే కదా నాయనా."

సంస్థకు ఫోన్ చేసింది. ఫిలిప్పా అనే ఆఫీసరు ఎంతో దయగా, శబ్దాల డైరీ రాయమంటూ ఒక దస్తా ఫారాలు పంపింది. తేదీ, సమయం, ఏ రకం శబ్దం, అప్పుడు మీకేమనిపించింది, మీరేం చేశారు.

"ఉన్నదున్నట్టు రాయండి జానిస్. రాస్తేనే జరిగినట్టు."

సరుకుల చీటీ తప్ప ఏనాడూ ఏమీ రాయని మనిషి! ఏడు నెలల్లో నాలుగు వందల పేజీలు రాసింది. నిద్రపోయి ఉంటే రాసేదా?

ఇక సంస్థవారి న్యాయబుద్ధి చూడండి. తనిఖీకి ఏ రోజు, ఎన్నింటికి వస్తున్నారో ఇద్దరికీ వారం ముందే ఉత్తరాలు రాశారు. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే పక్షపాతం కాదూ? ఆ పూట డీన్ ఇల్లు చర్చిలా ప్రశాంతంగా ఉంది. ఫిలిప్పాకు టీ, బిస్కెట్లు ఇచ్చాడు. కుక్క ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంది.

"ఎంత బుద్ధిమంతురాలో," అంది ఫిలిప్పా. శబ్దమేదీ వినపడలేదని నోట్ చేసుకుంది. అయినా పగటిపూట చప్పుడు మామూలు కాపురపు చప్పుడేనట. పగలు పడుకోవడం జానిస్ సొంత ఇష్టమట.

"మరి నా డైరీ చదివారా?"

"ఫైల్లో భద్రంగా ఉంది."

ఆమె అన్న మాట నిజమే. పోయిన నెల డీన్ ఒక్క ఫోన్ చేశాడు, కింది ఆవిడ తనను వేధిస్తోందని. సాక్ష్యం కోసం వెంటనే ఆ ఫైలు తీశారు. మూడు వందల పన్నెండో పేజీలో దొరికింది: "11.20. భరించలేక చీపురుకర్రతో సీలింగు మీద మూడుసార్లు పొడిచాను."

ఉన్నదున్నట్టు రాసింది మరి! డీన్ మీద ఒక్క ముక్క రుజువు లేదు, అతను ఏమీ రాసుకోలేదు గనక. ఆ భవనంలో సొంత చేతిరాతతో దొరికిపోయింది జానిస్ ఒక్కతే.

ఇకమీదట చప్పుడు చేయనని సత్ప్రవర్తన ఒప్పందం మీద ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. మళ్ళీ చప్పుడు చేస్తే ఇల్లు ఖాళీ చేయించే ఆలోచన చేస్తారట.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి బరువులు పడుతున్నాయి. కుక్క మొరుగుతోంది. ఆ రెండు ఫ్లాట్లలో నిశ్శబ్దంగా ఉంటానని రాసిచ్చిన మనిషి కింద కళ్ళు తెరుచుకుని, చప్పుడు కాకుండా పడుకుంటోంది.