దేవీప్రసాద్, ఎం.బి.ఏ.

ఫోనులో పోస్టింగు ఆర్డరు కనబడగానే బిందుమాధవి గరిటెతో సహా వంటింట్లోంచి ముందుగదిలోకి పరుగెత్తింది. "ఏవండీ, లెక్కల టీచరుగా వేసేరండీ!" అంటూ భర్త నోట్లో ఇంత బెల్లం ముక్క కుక్కింది. బెల్లం కొట్టువాడికి బెల్లం పెట్టడమేమిటని దేవీప్రసాద్ నవ్వుతూ నమిలాడు.

"ఏ ఊరేటి?"

"ఎలమంచిలి హైస్కూలు!"

నమలడం ఆగిపోయింది. "ఏరే ఊరు ఇవ్వరేటి? ఓసారి అడిగి సూడు."

వాళ్ల పెళ్లయి నాలుగు నెలలు. ఆమె ఎమ్మెస్సీ, బీఈడీ. అతను ఇంటరని సంబంధం తెచ్చిన త్రినాధరావు చెప్పాడు. శుభలేఖలో మాత్రం అతని పేరు పక్కన ఎం.బి.ఏ. అని పడింది. వధువు పక్కన అన్ని అక్షరాలుండి వరుడి పక్కన బోసిగా ఉంటే బాగుండదు కదా! ఈ చదువుల తేడా బిందుమాధవికి ఇన్నాళ్లూ గుర్తే రాలేదు. ఇప్పుడొచ్చింది. పెళ్లాం ఉద్యోగం చేస్తే ఈయనకు చిన్నతనమా?

ఆ సాయంత్రం చొక్కా ఉతకబోతే జేబులో బస్సు టికెట్టు దొరికింది. ఆదివారం, ఎలమంచిలి. ప్రతి ఆదివారం పాయకరావుపేటకు బెల్లం లోడు తీసుకెళ్తున్నానని కదా చెబుతాడు!

అత్తగారు పైడితల్లి ఆ టికెట్టును వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసింది. "నాకు ముందే అనుమానమే అమ్మాయ్. నున్నగా గెడ్డం గీసుకుని, సెంటు కొట్టుకుని ఏ బెల్లం మోత్తాడు?"

ఇంతలో స్నానానికి వెళ్లిన దేవీప్రసాద్ ఫోను మోగింది. తెర మీద 'మేడం, ఎలమంచిలి' అని ఉంది. బిందుమాధవి ఎత్తి చెవిన పెట్టుకుంది. అవతలి ఆడగొంతు హలో అననివ్వలేదు.

"ప్రసాద్ గారూ, ఈ ఆదివారం ఎగ్గొడితే ఇంక నేనేం చెయ్యలేను. మీ ఫొటోలు రెండు తెండి. ఇంట్లో తెలియకూడదన్నారని ఉత్తరం కూడా పంపలేదు!"

బెల్లం లోడ్లు తోలే ట్రాలీ ఆటో నడిపే తాతబ్బాయి దేవీప్రసాద్‌కి మేనమామ కొడుకు. అతన్ని పిలిచి కూర్చోబెడితే, ఎవరూ ఏమీ అడగకముందే "నాకేటీ తెలీదు అత్తా, ఒట్టు" అన్నాడు. దాంతో అత్తాకోడళ్లకు అంతా తెలిసినట్టే అయింది.

శుక్రవారం బిందుమాధవి ఉద్యోగంలో చేరింది. పెళ్లికి రుజువు కావాలంటే శుభలేఖ ఇచ్చింది. హెడ్మాస్టరు దాన్ని పైనుంచి కిందికి చదివి, మెచ్చుకోలుగా తలూపి, ఫైల్లో పెట్టాడు.

ఆదివారం ఏడింటికే దేవీప్రసాద్ సెంటు వాసనతో బయటపడ్డాడు. వెంటనే హెడ్మాస్టరు ఫోను. "అమ్మా, మన బళ్లో ఆదివారాలు ఓపెన్ స్కూలు టెన్త్ క్లాసులు జరుగుతాయి. ఆ మేడం గారికి జ్వరం. ఈ పూట మీరొచ్చి లెక్కలు చెప్పాలి."

బిందుమాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొగుడు చేజారిపోతున్న రోజునే లెక్కలా?

"నువ్వెళ్లి పాఠం సెప్పుకో. ఆడి సంగతి నాను సూత్తాను" అని పైడితల్లి ముసుగేసుకుని తాతబ్బాయి ఆటో ఎక్కింది. పాపం, తాతబ్బాయికి వద్దనే ధైర్యం లేదు.

క్లాసులో పాతికమంది. చంటిపిల్లను ఒళ్లో వేసుకున్న తల్లులు, మీసాలున్న మేస్త్రీలు. బిందుమాధవి తలెత్తకుండా హాజరు పిలిచింది. "ఎర్రయ్య... చిన్నమ్మలు... దేవీప్రసాద్..."

"ప్రెజెంటు మేడం" అన్నాడు వెనక బెంచీలో పక్కవాడి హోంవర్కు దించుకుంటున్న మనిషి, తనూ తలెత్తకుండానే.

తర్వాత ఇద్దరూ తలెత్తారు. సరిగ్గా అప్పుడే తలుపు దబ్బున తెరుచుకుంది.

"ఎవత్తిరా ఆ మేడం?" అంటూ పైడితల్లి వేలు చూపించుకుంటూ లోపలికొచ్చింది. ఆ వేలు బల్ల దగ్గరున్న కోడలి మీద ఆగింది. "ఓలమ్మో, నువ్వేనేటే!"

వరండాలో దేవీప్రసాద్ తల దించుకున్నాడు. "టెంతులో లెక్కలు రెండుసార్లు పోయేయి బిందూ. నాను నిజమే సెప్పేను. త్రినాధరావు బాబాయి దాన్ని ఇంటర్ సేసేడు, మీ నాన్నగారు కార్డులో ఎంబీయే ఏయించేరు. నీ పక్కన నా పేరు రాసినప్పుడు ఒక్క అక్షరమైనా నిజముండాలని..."

"నాన్న కాదండీ" అంది బిందుమాధవి గోడవైపు చూస్తూ. "కార్డు ప్రూఫు దిద్దింది నేనే. మా పెద్దమ్మ కూతుళ్లు నవ్వుతారని."

దేవీప్రసాద్ ఆమెను అనుమానంగా చూశాడు. ఆమె జేబురుమాలుతో అతని చొక్కాకంటిన సుద్దపొడి దులిపింది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు హెడ్మాస్టరు గదిలోంచి బయటికొచ్చాడు.

"మీవారా? శుభలేఖలో చూశానండీ, చాలా సంతోషం!" అని దేవీప్రసాద్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. అతను నోరు తెరిచేలోగా నోటీసుబోర్డు మీద సుద్దముక్కతో రాయడం కూడా మొదలుపెట్టాడు.

రేపు ఉదయం ప్రార్థన తర్వాత శ్రీ దేవీప్రసాద్, ఎం.బి.ఏ. గారి ప్రసంగం. అంశం: లెక్కలంటే భయమెందుకు?