నూటపన్నెండు మంది నాగలి

మృగశిర కార్తె నాటికి నూటపన్నెండు మంది రైతులకు ఇనుప నాగళ్లు అందజేస్తామని, ఒక్క రోజు ఆలస్యమైనా రాజీనామా చేస్తానని మంత్రిగారు 1966 వేసవిలో సూర్యాపేటలో ప్రకటించారు. ఆ మాటతో సర్కారు నాగళ్ల ఫ్యాక్టరీ కోఆర్డినేషన్ ఆఫీసరు నాగేశ్వర్ రావుగారికి తిండి సయించలేదు. నేను ఆయన కింద రైతుల వేలిముద్రలు తీసుకునే గుమాస్తాను. అంతటి మనిషిని దగ్గర్నుంచి చూసే భాగ్యం ఎందరికుంటుంది?

కర్రులు కోదాడ నుంచి, చేత పట్టే మేడి కర్రలు మిర్యాలగూడ నుంచి చెప్పిన తేదీకే దిగాయి. రెంటినీ కలిపే బోల్టులు ఎవరు పంపాలో మాత్రం ఏ ఫైలులోనూ లేదు. బోల్టులున్నది మంత్రిగారికి చూపించిన నమూనా నాగలికి ఒక్కదానికే.

సారు నన్నడిగారు.

"అందజేస్తమన్నం. వాళ్ల దగ్గర్నే ఉంచుతమని ఎక్కడన్న రాసినమా?"

రాయలేదు.

మర్నాడే ఆ ఒక్క నమూనా నాగలితో లారీ కదిలింది. నాగలి దించడం, రైతు చేతిలో పెట్టడం, ఫోటో, వేలిముద్ర, మళ్లీ లారీలోకి. మునగాలలో ఒక్కో రైతుకు నాలుగు నిమిషాలు పట్టింది. తుంగతుర్తిలో మూడే. అలా పది రోజులు తిరిగాం.

చివరి రైతు పెన్‌పహాడ్ హన్మా. కొత్త నాగలి వస్తోంది, పాతది పారేయమని సారు చెప్పిన మాట నమ్మి, తాత నాటి కర్ర నాగలిని పొయ్యిలో పెట్టుకున్నాడు. ఎద్దులను తోలుకొచ్చి సిద్ధంగా ఉన్నాడు. ఫోటో అయ్యాక నాగలిని వెనక్కి ఎక్కించబోతే లారీకి అడ్డం నిలబడ్డాడు.

"నిన్న వాన పడ్డది సారూ. ఇయ్యాల దున్నకుంటే పదును పోతది. పోరగాండ్లకు ఏం పెట్టాలె?"

"నీకు అందింది గద, వేలిముద్ర గూడ ఏసినవ్," అన్నారు సారు ఎంతో ఓపికగా. నాగలి మంత్రిగారి సన్మానసభలో వేదిక మీద ఉండాలని కూడా వివరించారు.

హన్మా నాగలిని భుజాన వేసుకుని చేలోకి నడిచి, ఎద్దులకు కట్టి సాలు మొదలుపెట్టాడు. ఆపమని సారు అరుస్తుంటే డ్రైవరు శంకరయ్య తాపీగా బీడీ ముట్టించాడు. నాకూ సంతోషమే వేసింది. నౌకరీ గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాను.

వేదిక మీద నాగలి లేకపోయినా సన్మానం ఘనంగా జరిగింది. రిజిస్టరు సారు చెబుతుంటే నా చేత్తోనే రాశాను. నాగలి తిరిగి లారీ ఎక్కితేనే రైతుకు అందినట్టు లెక్క అన్నారు. సకాలంలో నాగలి అందిన రైతులు నూటపదకొండు మంది. అందనివాడు ఒక్కడు. పేరు హన్మా, ఊరు పెన్‌పహాడ్.