సభ గుమ్మంలో పీపా

ఆ ఉదయం ఒటీలియా అనుకున్నది చిన్న పనే. రాయ్‌స్టన్ నగరంలోని శాసనసభకు సరిహద్దులోని తన ఊరివాళ్ల అర్జీ ఇవ్వాలి, బండిలోని పులిసిన క్యాబేజీ పీపా అమ్ముకోవాలి, తుపాకిమందు వేసుకుని మధ్యాహ్నానికల్లా ఇంటిదారి పట్టాలి. ఫ్రెంచి దండు వాగు అవతల ఆరు ఇళ్లు తగలబెట్టింది. ఊళ్లో పన్నెండు తుపాకులున్నా మందు రెండు గుప్పిళ్లే మిగిలింది.

సభ గుమాస్తా పెంబ్రిడ్జ్ అర్జీని రెండు వేళ్లతో పట్టుకుని చదివాడు. "తుపాకిమందు గవర్నరుగారి వ్యవహారమమ్మా. అక్కడికెళ్లు."

వీధి అవతల గవర్నరు కార్యదర్శి తలెత్తనైనా లేదు. "డబ్బు సభవాళ్ల చేతిలో ఉంది. వాళ్లనడుగు."

"వాళ్లే మీ దగ్గరికి పంపారండీ!"

"పంపరూ మరి? అందరి భూముల మీదా పన్నేస్తేగాని డబ్బివ్వరట. ఈ వలసరాజ్యానికి యజమాని, లండన్‌లో ఉన్న మా ప్రభువుగారి భూముల మీద కూడానట! తగుదునమ్మా అని."

ఆమె తిరిగి సభకే వచ్చింది. సభ్యుల్లో సగం మంది ప్రభువు పన్ను కడితేగాని చిల్లిగవ్వ విదల్చరు. మిగతా సగం క్వేకర్లు, యుద్ధమే పాపమనే మతంవాళ్లు. ఆయుధమన్న మాట కాగితం మీద కనబడితే వాళ్ల మనస్సాక్షికి జ్వరమొస్తుంది. ఇళ్లు తగలబడితే మాత్రం రాదు. ఈ చర్చకు అప్పటికి పదకొండు నెలలు.

నాలుగోసారి వీధి దాటి వచ్చేసరికి జూన్ ఎండకు బండిలో పీపా బుసకొడుతోంది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు పెంబ్రిడ్జ్.

ఒటీలియాకు ఒళ్లు మండిపోతోంది. "పొద్దుట్నుంచీ మీ గుమ్మంలో ఎండలో పడుంది కదా, లోపల పొంగుతోంది. ఇంకో గంట ఇలాగే తిప్పండి, పేలి మీ గోడలన్నిటికీ అంటుకుంటుంది!"

పెంబ్రిడ్జ్ లోపలికి పరిగెత్తాడు. సభలోకి చేరేసరికి ఒక పీపా పది మందుపీపాలైంది. కిటికీ దాకా వెళ్లేసరికి ఒక ఆడమనిషి వెనక సరిహద్దు జనం మూడువందల మంది మోహరించారు. సభాపతి బల్ల కిందనుంచే ఓట్లు లెక్కపెట్టాడు. సభా రక్షణకు ఆరు పీపాల మందు తక్షణం కొనాలని పావుగంటలో చట్టం నెగ్గింది. క్వేకర్లు ఆ సమయానికి కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. గవర్నరు ప్రభువుగారి భూముల మాటే మరిచి సంతకం గీకేశాడు.

మందు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒటీలియా మూత తీసి సంతకు పోయేవాళ్లకు క్యాబేజీ రుచి చూపిస్తోంది.

ఆ కబురు లోపలికి వెళ్లగానే సభ పౌరుషం తిరిగొచ్చింది. మందును గవర్నరే దాచుకోవాలంది. సభ కొన్నది సభే దాచుకోవాలన్నాడు గవర్నరు. మనస్సాక్షి ఉన్న ఇంట్లోకి ఆ మందు రానివ్వబోమని క్వేకర్లు లేచారు. తెచ్చిన వర్తకుడు మాత్రం పీపాలు మెట్ల మీద దింపి వెళ్లిపోయాడు. పక్కనే ఇద్దరు చుట్టలు కాలుస్తున్నారు.

పెంబ్రిడ్జ్ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "అమ్మా, నీకు పుణ్యముంటుంది. వీటిని ఎటైనా తీసుకుపో."

"సంతకం పెట్టాలా అయ్యా?"

"వద్దు తల్లీ! ఎవరు పెట్టాలో తేలేసరికి మనమంతా పోతాం."

నలుగురు సాయం పట్టారు. ఒటీలియా బండి తోలింది. నగరం పొలిమేర దాటాక గాని గట్టిగా ఊపిరి పీల్చుకోలేదు.

మర్నాడు సరిహద్దును కాపాడినందుకు సభ తనకు తానే ధన్యవాదాలు చెప్పుకుంది. గవర్నరు మాత్రం ఆ తీర్మానం మీద సంతకం పెట్టనన్నాడు.