బంగ్లా గడ్డి రోగం చల్లగుండాలె!

వరండాకు సున్నం కొట్టించాలి. బావి గిలకకు నూనె పెట్టించాలి, అది సాహెబు నిద్రలో కిర్రుమనరాదు. పరదాలు ఉతికించాలి. కుక్కలను నార్కట్‌పల్లి దాకా తరమాలి, అవి మళ్లీ బస్సెక్కి రాకుండా చూడాలి. మేకలకు గేటు కనపడకుండా చేయాలి. గడ్డి జబ్బును పది రోజుల్లో నయం చేయాలి.

పెద్ద ఇంజనీరుగారు క్యాంపుకు వస్తున్నారని తెలిసి, రోడ్డు పక్క ముసాఫిర్ బంగ్లా ఓవర్సీరు రఘుపతి రాసుకున్న పనుల పట్టీ ఇది. మొదటి ఐదింటితో నాకు పేచీ లేదు. ఆరోదాన్ని మాత్రం గట్టిగా ఖండిస్తున్నాను!

చదువరులారా, బంగ్లా గడ్డి జబ్బు నయం కారాదు. ఏటేటా రావాలి. రోహిణి కార్తెలో ఠంచనుగా రావాలి. మన మెట్ట ప్రాంతానికి ఇంత మేలు చేసిన జబ్బు మరొకటి లేదు. నమ్మరా? వినండి.

ఆ లాన్ మామూలు గడ్డి కాదు. ఎక్కడో చల్లటి కొండల మీద పుట్టిన సీమగడ్డి. తెచ్చి మన బండల నడుమ పరిచారు. రోహిణి ఎండకు దాని ప్రాణం సగం పోయింది. మిగతా సగాన్ని బూజు పట్టుకుంది. పచ్చటి దుప్పటి మీద ఎవరో కాలే పళ్లాలు పెట్టి తీసినట్టు గుండ్రటి మచ్చలు!

వెంటనే ఏం జరిగింది? ఆఫీసర్లు వంగారు! ఇరవై ఏండ్ల సర్వీసులో ఏ మొలక ముందూ నడుము వంచనివారు మోకాళ్ల మీద కూర్చుని గడ్డిపోచలు లెక్కపెట్టారు. ఒకాయన కండ్లద్దాలు తుడుచుకుని మరీ చూశారు. టెలిగ్రాములు పోయాయి. జీపు వచ్చింది. మనుషులకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈ జీపు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.

ఐలేశాన్ని పిలిపించారు. వ్యవసాయ శాఖలో నిరుడు చేరిన డిమాన్‌స్ట్రేటరు. వాళ్లింట్లో వేలిముద్ర మాని సంతకం పెట్టిన మొదటివాడు. అందుకేనేమో, సంతకం పెట్టే ముందు కాయితం మొత్తం చదివే చాదస్తం ఒకటుంది.

"సార్, గీ సీమగడ్డి తీసేసి గరిక పెట్టుకుందాం. మన ఎండకు అదే నిలుస్తది. రోగం గిట్ల జల్ది అంటదు" అన్నాడు ఐలేశం.

రఘుపతి కస్సుమన్నాడు. "గరికనా? చేన్ల పీకి గట్టు మీద పారేసేదాన్ని తెచ్చి పెద్దసాబు బూట్ల కింద పరుస్తమా? నువ్వు కాలేజీల గిదే చదివినవా? మందు చెప్పు!"

"గంధకం చల్లొచ్చు సార్. కాని రోగం ముదిరినంక చల్లితే ఫాయిదా తక్కువ. ముందుగాల చల్లాలె."

గోడ అవతల నుంచి ఇదంతా ఒకామె వింటున్నది. సైదమ్మ. బంగ్లా మాలీ గాలయ్యకు అక్క. బంగ్లా గోడను ఆనుకుని ఆమెకు నాలుగెకరాల జొన్నచేను. పోయిన రెండేండ్లూ కాటుక తెగులు వచ్చి, కంకుల్లో గింజకు బదులు నల్లటి పొడి నిండింది. ఈసారి కూడా గట్లనే అయితే సైదమ్మ కూలికి బస్తీ పోవాలె, చేను పడావు పడి బీడు కావాలె.

దానికి మందు లేదా? ఉంది. అదే గంధకం! విత్తే ముందు గింజలకు పట్టిస్తే చాలు. సర్కారు పంపలేదా? పంపింది, అబద్ధమెందుకు! పోయినేడు కంకులు పట్టినంక పంపింది. పసుప్పచ్చటి ఆ పొడిని చూసి సైదమ్మ ఐలేశాన్ని అడిగింది: "కంకులు ఎన్నడో కాటుక పెట్టుకున్నయి సారూ. ఇప్పుడు పసుపు తెచ్చినవు. పెండ్లి చేద్దామా?"

అది పోయినేటి మాట. ఈసారి మళ్లీ గోడ మీద నుంచి ఆమె గొంతు: "గడ్డికి టెలిగ్రామా! ఇదెన్ని శేర్ల పాలిస్తది సారూ?"

గాలయ్య నీళ్ల డబ్బా దించి, "ఊకో అక్కా, సార్లున్నరు" అన్నాడు.

"ఉంటే ఉండనీ తమ్మీ. నేను కూడ గడ్డినైతే బాగుండు."

ఐలేశం చెవిలో ఆ మాట పడింది. పడి, అక్కడే మొలిచింది. జొన్న ఏ జాతి? గడ్డిజాతి! వృక్షశాస్త్రం పుస్తకం ఏది తెరిచినా అంతే. వెంటనే ఇండెంటు రాశాడు: "బంగ్లా మరియు చుట్టుపక్కల గడ్డిజాతి మొక్కలకు శిలీంధ్ర ప్రమాదం. పెద్ద ఇంజనీరుగారి క్యాంపునకు ముందే పది బస్తాల గంధకం కావలెను." ఒక్క అక్షరం అబద్ధముందా? రఘుపతి సంతోషంగా దస్కతు చేశాడు.

మూడో రోజే లారీ దిగింది! లాన్‌కు రెండు డబ్బాలు. మిగిలింది గోడ దాటింది. ఊరంతా కుండల్లో విత్తనం, గంధకం పోసి ఊపిన చప్పుడు. మృగశిర వానకు విత్తనం పడింది.

పెద్ద ఇంజనీరుగారు వచ్చారు. జీపు దిగలేదు. సోడా తాగారు. "గ్రీన్‌గా ఉంది" అని మేకలు తొంగిచూస్తున్న తుమ్మచెట్టు వైపు చూసి మెచ్చుకుని వెళ్లిపోయారు.

ఆ ఏడు సైదమ్మ చేను ముత్యాల్లా కాసింది. ఆమె బస్తీ పోలేదు, చేను బీడు పడలేదు.

మరుసటేడు ఐలేశం గాలయ్యకు బుద్ధిగా పాఠం చెప్పాడు. "మాపటీలి నీళ్లు పోస్తే తెల్లారేదాక తడి ఆరదు, బూజు లేస్తది. పొద్దుగాల పోయాలె." గాలయ్య తలూపాడు. సాయంత్రం ఐలేశం వచ్చి చూస్తే బిందెలకు బిందెలు కుమ్మరిస్తున్నాడు!

"చెప్పింది తెల్వలేదా గాలయ్యా?"

"మంచిగ తెలిసింది సారూ. గడ్డి బాగైతే మందెవడు పంపుతడు?"

ఆ తర్వాత నాలుగేండ్లు రోహిణి రాగానే మచ్చలు లేచాయి, లారీ వచ్చింది, జొన్న నిలిచింది. నాలుగేండ్లూ గాలయ్యకు మెమో కూడా వచ్చింది: "గడ్డి పెంచుట చేతకాని మాలీ. పర్మనెంటు చేయుటకు అర్హుడు కాడు." పక్క తాలూకా మాలీలు పర్మనెంటయ్యారు, ఖాకీ కోటు తొడుక్కున్నారు. మన గాలయ్య ఇప్పటికీ టెంపరరీ.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, జొన్నకు జొన్న పేరు మీదనే, విత్తే ముందే మందు వచ్చే రోజు దాకా ఆ లాన్ రోగంతో పచ్చగా ఉండాలని కోరుకోండి. ఆ దారిన పోతూ బట్టతల లాంటి గడ్డి కనపడితే, మాలీ సోమరిపోతని నవ్వకండి. జొన్నరొట్టె తుంచేటప్పుడు గాలయ్యను ఒక్కసారి తలచుకోండి.