గోకుడు చెక్క

ఆ రోజు ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా మామూలుది. పిల్లకు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించాలి. తడి ఆరకముందే ఒళ్ళంతా మందు పట్టించాలి. దానిమీద తడి కట్టు, ఆ పైన పొడి కట్టు చుట్టాలి. సాయంత్రం భార్య టూరునుంచి వచ్చేసరికి, ఇదంతా తనకొక లెక్కా అన్నట్టు కాలుమీద కాలేసుకుని కూర్చోవాలి. ఇందులో పొరపాటు జరగడానికి సందెక్కడుందో ఆయనకు ఎంత ఆలోచించినా కనిపించలేదు.

పిల్లకు నాలుగేళ్ళు. ఇంట్లో పేరు పిచ్చుక. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, చెవుల కింద ఎగ్జిమా. చర్మం ఎండి ఎర్రబడుతుంది, దురద పుడుతుంది. గోకితే పగులుతుంది, పగిలితే రసి కారుతుంది, అది ఆరుతుంటే మళ్ళీ దురద. దీన్ని కనిపెట్టుకుని ఉండటానికే తల్లి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంది. ఆవిడ వంతెనల్ని పరీక్షించే ఇంజనీరు. ఈ మధ్యనే మళ్ళీ పనిలో చేరింది. ఇది మొదటి టూరు.

"నేనొచ్చేసరికి దాని ఒంటిమీద ఒక్క కొత్త గాటు కనిపించినా సరే, ఈ ఉద్యోగానికో దండం పెట్టేస్తాను. మీ మీద కోపంతో కాదు, దాని బాధ చూడలేక" అని చెప్పి మరీ వెళ్ళింది.

కోపంతో కాదన్న మాటే ఆయన్ని ఎక్కువ పట్టుకుంది. పనిలో చేరేముందు ఆవిడ తన పాత హెల్మెట్‌ను అటకమీంచి దింపి, దుమ్ము తుడిచి, అద్దం ముందు పెట్టుకుని చూసుకున్నప్పుడు ముఖం ఎలా వెలిగిందో ఆయన చూశాడు. ఆ వెలుగు తన చేతకానితనం వల్ల ఆరిపోతే తనను తాను క్షమించుకోలేడు.

పైగా చుట్టడం ఆయన వృత్తి. పింగాణీ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షనుకు పెద్ద. తన చేతిమీదుగా వెళ్ళిన సరుకులో ఒక్క కప్పు చెవి కూడా విరగలేదని ఆయనకు కాస్త గర్వం. అందుకే చేతులకూ కాళ్ళకూ మాత్రమే చుట్టాల్సిన కట్టును నడుముకు చుట్టాడు, మెడకు చుట్టాడు, చెవులు గోక్కోకుండా తలకు కూడా చుట్టాడు. చేతులకు నూలు తొడుగులు వేశాడు. అంతా అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. మబ్బుపట్టిన ఆ మధ్యాహ్నం, మసక గది మధ్యలో, తెల్లటి ఆకారం ఒకటి రెండు నల్లటి కళ్ళతో తననే చూస్తూ కదలకుండా నిలబడి ఉంది. కన్నతండ్రి, తనే చుట్టినవాడు, అయినా ఆయన ఒళ్ళు జలదరించింది.

"నాన్నా, నేను కిందపడితే పగిలిపోతానా?" అంది ఆకారం.

"నా ప్యాకింగ్‌లో పగలడమా! ఎంతమాట!"

"మరి దురదేస్తేనో?"

"ఏం చెప్పాను? ఒంటిని కాదు..."

"చెక్కని" అంది పిచ్చుక, పాఠం అప్పజెప్పినట్టు.

వద్దు వద్దంటే పిల్లలు మానరనీ, దురద పుట్టినప్పుడు చేతులకు వేరే పని చూపించమనీ చర్మాల డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ ఉద్దేశం ఏ మెత్తటి దిండో అయి ఉంటుంది. ఆయన మాత్రం ఫ్యాక్టరీనుంచి ఒక పెట్టెచెక్క ముక్క తెచ్చి, నున్నగా చిత్రికపట్టి, దానికి గోకుడు చెక్క అని పేరు పెట్టాడు. పిల్ల దాన్ని ఒక వస్తువుగా కాక సూత్రంగా స్వీకరించింది. లోకంలో చెక్క అన్నది ఎక్కడ కనబడినా అది తనకోసమే పెట్టారనుకుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఇంతలో ఫోను మోగింది. పెద్ద కూజా ఒకటి పెట్టెలో పట్టడం లేదని సెక్షనులో గగ్గోలు. ఆయన బాల్కనీలోకి వెళ్ళి, కూజా మెడకు గడ్డి ఎలా చుట్టాలో వివరంగా చెప్పాడు. చెప్పి లోపలికి వచ్చేసరికి గదిలో పిల్ల లేదు.

"పిచ్చుకా!"

వీధి తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది. మంచం కింద చూశాడు. తెరల వెనక, వాషింగ్ మెషీన్ వెనక చూశాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆయన అడుగుల చప్పుడుకు ఆయనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అప్పుడు నేలమీద మందు జిడ్డుతో మెరుస్తున్న చిన్న చిన్న అడుగుల జాడలు కనిపించాయి. మంచం దగ్గర బయల్దేరి, గోడలో ఉన్న అల్మారా దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాయి. తిరిగి వచ్చిన జాడ ఒక్కటీ లేదు.

అల్మారా తలుపు తీశాడు. వేలాడుతున్న చీరలు, చొక్కాలు. కింది అరలో రెండు నూలు తొడుగులు, ఎవరో శ్రద్ధగా సర్దినట్టు పక్కపక్కనే ఉన్నాయి. వాటిలో చేతులు లేవు.

పిల్ల ఎటు పోయిందన్నది ఒక భయం. ఎక్కడున్నా ఇప్పుడు దాని గోళ్ళకు అడ్డు లేదన్నది ఇంకో భయం. ఏ భయం ముందు పడాలో తేల్చుకోలేక నిలబడి తన మెడ తనే గోక్కోవడం మొదలుపెట్టాడు. ఎగ్జిమా అంటువ్యాధి కాదని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన మెడ ఆ మాట వినలేదు.

అప్పుడు గోడలోంచి వినిపించింది. గర్... గర్... గర్.

ఆ గోడకవతల ఉన్న వాటా ఖాళీది. ఇదివరకు అందులో ఒక రిటైరైన టీచరమ్మ ఒంటరిగా ఉండేది. పిచ్చుక దురదకు తాళలేక ఏడ్చినప్పుడల్లా ఆవిడ చేతికర్రతో గోడమీద మూడు దెబ్బలు కొట్టేది. అంత కఠినురాలిని ఎక్కడా చూడలేదని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. ఆవిడ పోయి నెలలు గడిచాయి. అప్పటినుంచి ఆ గోడ నోరు మూసుకునే ఉంది.

ఆయన గోడకు చెవి ఆనించి, గొంతు తగ్గించి, "పిచ్చుకా... బయటికి రామ్మా... అమ్మ వచ్చేస్తుంది..." అన్నాడు.

గోకుడు ఆగిపోయింది. ఆ తర్వాత గోడకవతలినుంచి, తాపీగా, టక్... టక్... టక్.

ఆయన చెవిని గోడనుంచి వెనక్కి లాక్కున్నాడు. చదువుకున్నవాడు కాబట్టి దయ్యాలను నమ్మడు. మర్యాదస్తుడు కాబట్టి పలకరించకుండా ఉండలేడు. చేతులు కట్టుకుని గోడతో, "మామ్మగారూ, పాప ఏడవట్లేదండీ. మీరు పడుకోండి" అన్నాడు.

అవతలినుంచి "అమ్మో!" అని ఒక ఆడగొంతు కెవ్వుమంది. టీచరమ్మ బతికుండగా ఏనాడూ అమ్మో అనలేదే అని అంత భయంలోనూ ఆయనకు తోచింది.

గోడకవతల ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. ఇళ్ళ బ్రోకరు సరిగ్గా అదే సమయానికి ఒక కొత్త జంటను వాటా చూపించడానికి తీసుకొచ్చాడు. వచ్చినప్పటినుంచి ఆ అమ్మాయికి ఏదో గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఎలుకేమోనండీ" అంటే, "అబ్బే, ఈ గోడల్లో ఎలుకలా? చూడండి ఎంత గట్టివో!" అని బ్రోకరు వేళ్ళ కణుపులతో మూడుసార్లు కొట్టాడు. గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు. ఈ గోడకు నోరు కూడా ఉండేసరికి, అది కూడా మామ్మగారూ పడుకోండి అనేసరికి, అమ్మాయి భర్త చెయ్యి పట్టుకుంది. బ్రోకరు మాత్రం నవ్వు ముఖం చెదరనివ్వకుండా, "పక్కింటివాళ్ళు చాలా కలుపుగోలు మనుషులండీ. గాలి కూడా బాగా తగులుతుంది" అన్నాడు.

"గాలి తగిలేట్టే ఉందండీ" అంది ఆ అమ్మాయి.

అప్పుడే లోపలి గది గుమ్మంలోకి, తలనుంచి పాదాలదాకా తెల్లటి గుడ్డలు చుట్టుకున్న చిన్న ఆకారం ఒకటి చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. పెదవులమీద వేలు పెట్టి, "ఉష్! మామ్మ ఊదుతోంది" అంది.

ముగ్గురూ ఒక్కసారే గుమ్మం దాటారు. మనిషి ప్రాణభయంలో ఉన్నా చేతికి అలవాటైన పని మానదు. బ్రోకరు పారిపోతూ కూడా తలుపులాగి తాళం వేసి మరీ పారిపోయాడు.

కేకలు విని ఆయన గడియ తీసి వసారాలోకి పరిగెత్తాడు. మోచేతులదాకా తెల్లటి మందు, మెడనిండా ఎర్రటి గీతలు, భుజంమీంచి వేలాడుతున్న కట్టుగుడ్డ. "పాపని చూశారా?" అని అడుగుదామని చేతులు చాపాడు. మెట్లమీద వెనక్కి తిరిగి చూసిన కొత్త పెళ్ళికొడుకు ఇంకేమీ ఆలోచించలేదు. పెళ్ళాంకంటే ముందు వీధిలో తేలాడు. వాళ్ళ కాపురంలో మొదటి గొడవ అదేనట.

వాచ్‌మన్ కర్ర పట్టుకుని ఎగశ్వాసతో పైకొచ్చాడు. "సార్, లోపలికెళ్ళి తలుపేసుకోండి! పక్కవాటాలో తెల్లగా ఏదో తిరుగుతోందంట!"

"ఎంత ఎత్తుంది?" అన్నాడు ఆయన.

"నా నడుం దాకా కూడా లేదంట సార్."

"చేతులకు తొడుగులున్నాయా?"

వాచ్‌మన్‌కి దయ్యంకంటే ఆ ప్రశ్నకే ఎక్కువ భయం వేసింది. ఆయన అప్పటికే వెనక్కి పరిగెత్తి అల్మారాలో బట్టలన్నీ లాగి పారేశాడు. ఒకప్పుడు ఈ రెండు వాటాలూ కలిపి ఒకే ఇల్లు. విడదీసినప్పుడు ఇక్కడ గోడ కట్టకుండా, అల్మారా వీపుకు ఒక పల్చటి ప్లైవుడ్ చెక్క కొట్టి చేతులు దులుపుకున్నారు. పిచ్చుక రోజూ ఆ చెక్కను గోకీ గోకీ ఒకవైపు మేకుల్ని వదులు చేసింది. నెడితే అది తలుపులా ఊగింది. అవతల చీకటి, చల్లదనం.

ఆ వాటా తాళంచెవి బ్రోకరుతోపాటు ఏ వీధిలో పరిగెడుతోందో తెలియదు. ఆయన తల దూర్చాడు, భుజాలు దూర్చాడు. పొట్ట దగ్గర వ్యవహారం ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్ని సరుకుల్నో ఎన్ని పెట్టెల్లోనో ఇమిడ్చిన మనిషి, తను మాత్రం పట్టలేదు.

అలా సగం ఇటూ సగం అటూ ఇరుక్కుని ఆయన తలెత్తి చూశాడు. ఖాళీ గది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మధ్యలో చల్లటి నేలమీద పిచ్చుక వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. దాని తల నేలకు ఆనినట్టు లేదు, ఎవరి ఒడిలోనో పెట్టుకున్నట్టు కాస్త ఎత్తుగా ఉంది. మోచేతి దగ్గర ఊడిన కట్టుకొస ఒకటి పైకి లేస్తోంది, వాలుతోంది. లేస్తోంది, వాలుతోంది. ఎవరో పక్కన కూర్చుని ఓపిగ్గా ఊపిరి పీల్చి ఊదుతున్నట్టే ఉంది. ఆయన అరవబోయాడు. నోరు పెగల్లేదు. ఒకవేళ పెగిలినా, నిద్ర చెడగొట్టినందుకు ఎవరు కోప్పడతారో అని భయం వేసింది.

"ఏమండీ, ఆ కాళ్ళు మీవేనా?" అని వెనకనుంచి వినిపించింది.

భార్య. అనుకున్న సమయానికంటే ముందే దిగింది. బార్లా తెరిచిన వీధి తలుపు, నేలమీద చీరలు, అరలో ఖాళీ తొడుగులు, అల్మారాలోంచి వేలాడుతున్న మొగుడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. మందు డబ్బా తీసుకుని ఆయన నడుం చుట్టూ దట్టంగా రాసి, ఒక్క తోపు తోసింది. ఆయన జర్రున జారి అవతల బోర్లా పడ్డాడు. వంతెనల దూలాల మధ్య పాకి పాకి అలవాటైన మనిషి కాబట్టి ఆవిడ చీమలా దూరి వచ్చేసింది. ఆయన పడ్డ చప్పుడుకు కట్టుకొస ఊగడం ఆగిపోయింది.

ఆవిడ పిల్లను ఒళ్ళోకి తీసుకుని కట్లు విప్పసాగింది. ఆయన పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, ఆవిడ పెట్టబోయే ఆ దండం కోసం ఎదురుచూశాడు. మోచేతి మడతలు చూసింది. మోకాళ్ళ వెనక చూసింది. చెవుల కింద, మెడమీద రెండుసార్లు చూసింది. కొత్త గాటు ఒక్కటి కూడా లేదు. పాత పగుళ్ళు కూడా మూసుకుని, చర్మం లేత గులాబీరంగుకు తిరిగి చల్లగా ఉంది. ఇంత మంచి చర్మాన్ని ఆవిడ పిల్ల పుట్టినప్పటినుంచి చూడలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చేతులు ఖాళీగా ఉన్నాయి కదే తల్లీ. గోక్కోలేదా?"

పిచ్చుక ఆవలించింది. "మామ్మ గోక్కోనివ్వలేదు. ఊదింది. మళ్ళీ దురదేస్తే మళ్ళీ ఊదింది."

"ఏ మామ్మ?"

"ఈ ఇంటి మామ్మ. నేనేడిస్తే నిద్రపట్టదంట. అందుకని ఊదుతుందంట."

ఆయన అల్మారా కంతవైపు వేలు చూపించాడు. "విన్నావా? రేపే ఇటుకలు పెట్టించి ఈ కంత మూయించేస్తాను! అసలు ఇల్లే మారిపోదాం!"

ఆవిడ ఆయనవైపు చూడలేదు. పిల్ల మోచేతి మడతను బొటనవేలితో మెల్లగా నిమురుతూ, వంతెన స్తంభాన్ని పరీక్షించినంత నిదానంగా ఆలోచించింది.

"మామ్మ రోజూ ఉంటుందా తల్లీ?"

"ఎక్కడికెళ్తుంది? తన ఇల్లేగా" అంది పిచ్చుక.

ఆ సాయంత్రమే ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేసి, వచ్చే నెల పెద్ద టూరుకు కూడా ఒప్పేసుకుంది. మొగుడిమీద నమ్మకంతో మాత్రం కాదు.