వెసెలింకా మూడు రాత్రుల ఏకాంతంపై మహాసభ తీర్మానం

నిష్ నగరంలోని పద్నాలుగో నంబరు భవనం నివాసుల మహాసభ సెప్టెంబరు మూడో ఆదివారం సాయంత్రం సమావేశమైంది. నాలుగో అంతస్తు నివాసి, భూమి కొలతల కార్యాలయంలో పనిచేసి రిటైరైన యాభై తొమ్మిదేళ్ళ శ్రీమతి వెసెలింకాకు, బ్రటిస్లావా నగరంలో మూడు రాత్రులు ఒంటరిగా బస చేయడానికి షరతులతో కూడిన అనుమతి మంజూరు చేసింది. అనుమతి కావాలని ఆమె ఎవరినీ అడగలేదు. కానీ పరుల మేలు విషయంలో అడిగేదాకా ఆగడం మా భవనం సంప్రదాయం కాదు.

ఈ మహాసభ ఎంత కార్యదీక్ష గలదో బయటివాళ్ళకి తెలియాలి. మా లిఫ్టు పదకొండు నెలలుగా రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య విశ్రాంతి తీసుకుంటోంది. దాని గురించి ఐదుసార్లు సభ పెడితే ఐదుసార్లూ కోరం లేక వాయిదా పడింది. పైకప్పు కారడం మీద పెట్టిన సభకి అధ్యక్షుడు బ్లాగోయె ఒక్కడే వచ్చాడు. ఆయన సైన్యంలో దుప్పట్ల గోదాము నడిపి రిటైరైన మనిషి, క్రమశిక్షణ తప్పడు. తనకు తాను స్వాగతం చెప్పుకుని, తన హాజరుకు తానే కృతజ్ఞతలు తెలుపుకుని ఇంటికి వెళ్ళాడు. ఈ ఆదివారం మాత్రం జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. శీతాకాలానికి ఎర్ర మిరపకాయలు కాల్చి సీసాలకెత్తే రోజులవడంతో, సగంమంది పొయ్యి మీద మిరపకాయలు మాడుతున్నా లెక్కచేయకుండా వచ్చేశారు.

అసలు విషయం చాలా చిన్నది. వెసెలింకాకు మూడు రోజులు ఎవరూ తనని ఏమీ అడగకుండా ఉండాలనిపించింది. అంతే. భర్త తిహోమిర్‌తో గొడవ లేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన మంచివాడే. ఒంట్లో రోగం లేదు. కానీ ఒక మంగళవారం ఆవిడ ఊరికే లెక్కపెట్టి చూసింది. పొద్దున్న లేచింది మొదలు మధ్యాహ్న భోజనం వరకు ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు, ఫోనులో చుట్టాలు, రొట్టెల కొట్టువాడు కలిపి ఆమెను అరవై ఒక్క ప్రశ్నలు అడిగారు. అందులో పద్దెనిమిది ఒకే ప్రశ్న: తిన్నావా? ఆ రోజు ఆమె బాల్కనీ తలుపు వేసుకుని కాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని తిహోమిర్ అడిగాడు. అది అరవై రెండోది.

మర్నాడు ఆమె ఐరోపా పటం ముందేసుకుని చుట్టాలున్న ఊళ్ళన్నీ పెన్సిలుతో కొట్టేసింది. వియెన్నా పోయింది, మ్యూనిక్ పోయింది, జూరిక్, పారిస్, మాల్మో పోయాయి. మా జనం ప్రపంచమంతా ఎంత చక్కగా సర్దుకున్నారంటే చివరికి మిగిలింది బ్రటిస్లావా ఒక్కటే. చవక విమానంలో ఒక చేతిసంచీకి సరిపడా టికెట్టు కొనుక్కుని, ఇంటర్నెట్లో బస వెతకడం మొదలుపెట్టింది.

చవక బస వెతికేవాళ్ళంతా అక్కడ ఉండి వెళ్ళినవాళ్ళు రాసిన మెప్పులు చదువుతారు. వెసెలింకా తిట్లు మాత్రమే చదివింది. కొండ పక్కనున్న ఒక ముసలామె ఇంట్లో గది అన్ని విధాలా బాగుంది, కానీ కింద ఎవరో "సొంత తల్లిలా చూసుకుంది, పొద్దున్నే వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది" అని రాశారు. వెసెలింకా వెంటనే ఆ పేజీ మూసేసింది. ఇంకో హోటల్లో సిబ్బంది మొహం మీద చిరునవ్వు చెరగదట. అదీ వద్దనుకుంది. మూడో రోజున పాత సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టిన ఒక హాస్టల్ కనిపించింది. ఎనిమిది మంచాల ఆడవాళ్ళ గది, ప్రతి మంచానికి తెర. కింద మండిపడుతూ ఎవరో రాసిన మాటలు: "మూడు రోజులున్నాను. ఒక్కరూ నా పేరైనా అడగలేదు. చచ్చినా పట్టించుకోరు. ఒక్క స్టార్." ఆ ఒక్క స్టార్‌ను చూడగానే ఆవిడ గుండె పదిహేనేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంది.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు స్లావ్కా కాఫీకి వచ్చింది. స్లావ్కా ఇరవై ఏళ్ళుగా రోజూ పదిన్నరకి వస్తుంది, తలుపు కొట్టదు.

"ఏంటక్కా చూస్తున్నావ్? హోటళ్ళా? ఎవరికి?"

"నాకే."

"నీకూ తిహోమిర్‌కీనా?"

"నాకొక్కదానికే. మూడు రోజులు."

స్లావ్కా కప్పు కింద పెట్టింది. "అయ్యో అక్కా," అంది మెల్లగా. "ఎన్నాళ్ళనుంచి?"

"ఏది ఎన్నాళ్ళనుంచి?"

"నాకు చెప్పొద్దులే. నేనెవరికీ చెప్పను."

స్లావ్కా మాట మీద నిలబడే మనిషి. ఎవరికీ చెప్పలేదు, ఒక్కొక్కరినీ విడివిడిగా సలహా అడిగింది. సాయంత్రానికల్లా భవనంలో మూడు పక్షాలు ఏర్పడ్డాయి. విడాకుల పక్షం, క్యాన్సర్ పక్షం, బ్రటిస్లావాలో ఎవడో ఉన్నాడనే పక్షం. మూడో పక్షానికి సంఖ్యాబలం ఎక్కువ. తిహోమిర్‌ని మెట్ల మీద ఆపి కొందరు భుజం తట్టారు, ఒకరు సొంతంగా కాచిన సారా సీసా ఇచ్చారు. ఆయన ఇంటికొచ్చి భార్యను అడిగింది ఒక్కటే.

"నువ్వెళ్ళు వెసా, నాకేం. ఆ కాఫీపొడి ఎక్కడ పెడతావో మాత్రం చెప్పి వెళ్ళు."

ఇది ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన అడిగిన వాటిలో కొంచెం కొత్త ప్రశ్న కాబట్టి ఆమె నవ్వింది.

ఇక మహాసభ. బ్లాగోయె మెడలో టై కట్టుకుని లేచాడు. "ఇరుగుపొరుగు మిత్రులారా, మనం ఎవరి స్వేచ్ఛకూ అడ్డం కాము. స్వేచ్ఛను ఒక పద్ధతిలో పెట్టడమే ఈ సభ ఉద్దేశం. మనలో ఒక ఆడమనిషి ఒంటరిగా పరాయి దేశం పోతోంది. రేపు జరగరానిది జరిగితే టీవీ వాళ్ళు ఎవరి గుమ్మం ముందు నిలబడతారు? నా గుమ్మం ముందు. నేనేమని చెప్పాలి?" అని ప్రశ్నించి, చెప్పబోయేది అప్పటికే తయారుగా ఉన్నట్టు జేబు తడుముకున్నాడు. చప్పట్లు మోగాయి.

తర్వాత బసల మీద అధ్యాయాలవారీగా చర్చ జరిగింది. హోటల్లో ఒంటిగది అనగానే సభలో గుసగుసలు లేచాయి. ఒంటిగదిలో ఒక మనిషి మూడు రాత్రులు ఏం చేస్తుందన్న ప్రశ్నకు గౌరవప్రదమైన జవాబు ఎవరికీ తట్టలేదు. యజమాని కనబడకుండా, గోడకున్న డబ్బాలో నంబరు నొక్కితే తాళంచెవి దొరికే ఫ్లాటును ఏకగ్రీవంగా తోసిపుచ్చారు. యజమాని లేని ఇంట్లో చస్తే కనిపెట్టేదెవరని ఒక పెద్దాయన అడిగాడు. ముసలామె ఇంట్లో గది అందరికీ నచ్చింది. వెసెలింకా మాత్రం కుర్చీ అంచుకు జరిగింది.

అప్పుడే స్లావ్కా లేచి, బ్రటిస్లావా నుంచి వియెన్నా కారులో గంట దూరమేనని సభకు తెలియజేసింది. వియెన్నాలో వెసెలింకా పినతండ్రి కొడుకు ద్రాగోస్లావ్ ఉన్నాడు. పటం మీద ఊళ్ళు కొట్టేసినప్పుడు వెసెలింకా దూరాలు కొలవలేదు, ఉద్యోగమంతా కొలతల కార్యాలయంలోనే గడిపినా. అధ్యక్షుడు అక్కడికక్కడే ఫోను కలిపి, సభంతా వినేలా స్పీకరు పెట్టాడు.

"ఏంటమ్మా ఇది?" అంది ద్రాగోస్లావ్ గొంతు. "నేను బతికుండగా డబ్బిచ్చి పరాయివాళ్ళ మంచం మీద పడుకుంటావా? ఇక్కడ మనవాళ్ళకి నేను మొహం ఎలా చూపించను? టీవీ గదిలో సోఫా ఉంది. వచ్చి పడుకో. మనం రాత్రంతా కూర్చుని మాట్లాడుకుందాం."

ఆ సోఫా మీద వెసెలింకా ఒకసారి తొమ్మిది రోజులు పడుకుంది. ఆ తొమ్మిది రాత్రులూ టీవీ ఆగలేదు. ఆమె నోరు తెరిచేలోపు ఆమె ఫోనుకి వేరే సందేశం వచ్చింది, ద్రాగోస్లావ్ భార్య నుంచి. "వదినా, దండం పెడతాను, రావొద్దు. మా అత్త, ఆవిడ అక్క ఇక్కడే ఉన్నారు. నాకు కూర్చోడానికి బాత్‌రూమొక్కటే మిగిలింది. నీకు దొరికిన చోటికి నన్నూ తీసుకుపో."

వెసెలింకా ఆ సందేశాన్ని రెండుసార్లు చదివింది. ఇన్నేళ్ళలో ఆ అమ్మాయిని ఆమె ఎన్నోసార్లు తిన్నావా అని అడిగింది గాని, ఇంకేమీ అడగలేదు. వదినగా సిగ్గుపడింది. అయినా ఫోను జేబులో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి సభలో లేచి అబద్ధం చెప్పింది.

"నాకు ఒంటరిగా ఉండాలంటే భయం. అందుకే ఎనిమిది మంచాల గది చూసుకున్నాను. చుట్టూ ఏడుగురు ఆడవాళ్ళుంటారు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు."

సభ ఊపిరి పీల్చుకుంది. ఏడు జతల కళ్ళు కాపలా ఉంటే ఇక చింతేముందని అధ్యక్షుడు సంతృప్తి వ్యక్తం చేశాడు. తీర్మానం ఆమోదం పొందింది. షరతులు: కింది మంచమే తీసుకోవాలి, కిటికీ పక్కన వద్దు, గాలి తగిలితే మెడ పట్టేస్తుంది, రోజుకి మూడుసార్లు ఫోను చేయాలి, కాల్చిన కోడిని ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. ఒకే హాస్టల్‌ను మహాసభ ఒక కారణానికీ, వెసెలింకా దానికి పూర్తిగా వ్యతిరేకమైన కారణానికీ ఎంచుకోవడం మా భవనం చరిత్రలో మొదటి ఏకాభిప్రాయం.

బ్రటిస్లావాలో ఆమె గదిలోకి అడుగుపెట్టి, అలవాటు కొద్దీ అందరికీ నమస్కారం చెప్పింది. ఏడుగురు ఆడపిల్లల్లో ఒకతె చెవిలో ఉన్నదాన్ని తీయకుండానే తలూపింది. మిగతా ఆరుగురు అదీ చేయలేదు. వెసెలింకా షరతు పక్కన పెట్టి పై మంచమెక్కి తెర లాగింది. మధ్యాహ్నం మూడింటికి పడుకుని ఆరింటిదాకా కప్పు వైపు చూస్తూ ఉంది. ఎందుకలా ఉన్నావని ఎవరూ అడగలేదు. రెండో రోజు డాన్యూబ్ ఒడ్డున బెంచీ మీద కోడి కాలు కొరుక్కుంటూ నాలుగు గంటలు కూర్చుంది; సాయంత్రం ఏమీ తినలేదు, తినకపోయినా ఏమీ కాలేదు. ఫోను ఛార్జరు పాడైందని ఇంటికి ఒక్క ముక్క పంపి కట్టేసింది. ఆదివారం ఇంటిల్లిపాదితో వచ్చి చూస్తామన్న ద్రాగోస్లావ్ రాలేకపోయాడు, ఎందుకంటే కారు తాళాలు కనిపించలేదు. అవి బాత్‌రూములో కూర్చునే ఆవిడ దగ్గరున్నాయని తర్వాత తెలిసింది ఒక్క వెసెలింకాకే. ఆ మూడు రోజులూ ఆమె సంతోషంగా ఉంది. ఇంతకంటే దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్పతనం.

తిరిగొచ్చాక మహాసభకు నివేదిక సమర్పించింది. "ఎవరూ పలకరించలేదు. పేరైనా అడగలేదు," అంది, వీలైనంత దిగులుగా. సభ చలించిపోయింది. పాశ్చాత్య నాగరికత పతనం మీద బ్లాగోయె ఇరవై నిమిషాలు మాట్లాడాడు. స్లావ్కా కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్న బ్లాగోయె మెట్లెక్కి వచ్చి, బల్బు ఉందా అని అడిగాడు. బల్బు తీసుకున్నాక గొంతు తగ్గించి, "ఆ చోటు పేరేమన్నావమ్మా? మా బావమరిదికోసంలే. మగవాళ్ళకి కూడా గదులున్నాయా?" అన్నాడు. ఆయనకి బావమరుదులు లేరు. వెసెలింకా కాగితం మీద పేరు రాసిచ్చింది. ఆ వారంలో అలాంటి కాగితాలు ఆరు రాసింది, ఒకరికి తెలియకుండా ఒకరికి. మెట్ల మీద ఎదురైనప్పుడు ఆ ఆరుగురూ ఒకరినొకరు తిన్నావా అని అడుగుతూనే ఉన్నారు.

శుక్రవారం స్లావ్కా వచ్చింది. మొట్టమొదటిసారి తలుపు కొట్టి వచ్చింది. "అక్కా, నాకు కూడా వెళ్ళాలనుంది," అంది నేల చూస్తూ. "నేనొక్కదాన్నే. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ పేరు రాసిస్తావా?"

వెసెలింకా కాగితం, పెన్ను అందుకుంది. రాసిచ్చేదే. కానీ ఇరవై ఏళ్ళుగా తన వంటింట్లో రోజూ కూర్చునే మనిషి, తనకి చెప్పకుండా మనసులో ఇంత పెట్టుకుందా అనిపించింది. పెన్ను కింద పెట్టింది.

"ఇంట్లో ఏం జరిగింది స్లావ్కా?"

"ఏం జరగలేదక్కా. ఊరికే."

"నా దగ్గర దాస్తావేంటే? మొహం చూస్తే తెలీదా? కూర్చో. కాఫీ పెడతాను. ముందు ఇది చెప్పు, తిన్నావా?"

స్లావ్కా దగ్గర చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు. అయినా గంటసేపు ప్రేమగా అడిగితే, పాపం, ఏదో ఒకటి చెప్పింది. ఆమె వెళ్ళగానే వెసెలింకా శాలువా కప్పుకుని కిందికి దిగింది. విషయం తేలిగ్గా తీసుకునేది కాదు, ఆడమనిషి, ఒంటరిగా, పైగా మొగుడికి తెలియకుండా. అధ్యక్షుడి తలుపు తట్టింది.

ఆదివారం మహాసభ ఐదింటికే నిండిపోయింది. అనుభవజ్ఞురాలు కావడంతో వెసెలింకాను ముఖ్య వక్తగా ఎన్నుకున్నారు. జేబుల్లో ఆమె రాసిచ్చిన కాగితాలు పెట్టుకున్న ఆరుగురూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. మేమందరం వెళ్ళాం. మీరు మా భవనంలో ఉండరు గనక రాలేదు, అంతే.