నాన్నకు తెలుగు రాదు

ఆ ఇంట్లో తండ్రికి తెలుగు రాదు. అంటే, కూతురికి తెలిసినంతవరకు రాదు. బడిలో దెబ్బలు తిన్నదీ, భార్యతో పోట్లాడేదీ తెలుగులోనే అయినా, ఆయన ఫ్రెంచి మాస్టారు. పిల్లకు ఆ భాష ఉగ్గుపాలతోనే పట్టించాలని పంతం పట్టాడు. పుట్టిన నాటి నుంచి ఆమెతో ఫ్రెంచి తప్ప మరో ముక్క మాట్లాడలేదు. పిల్ల పొరపాటున తెలుగులో ఏదైనా అడిగితే వినపడనట్టు పైకి చూసేవాడు. అదే మాట ఫ్రెంచిలో వచ్చాకే చూపు కిందికి దించేవాడు. భార్యతో చెప్పుకోవలసినవి వంటింట్లో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున చెప్పుకునేవాడు.

"ఇదేం పద్ధతండీ! ఏదో ఒకరోజు కొంప ముంచుతుంది, చూస్తూ ఉండండి," అనేది భార్య. ఆమె ఆసుపత్రిలో ఆపరేషన్ గది నర్సు. వట్టి మాటలు మాట్లాడే మనిషి కాదు.

ఆ రోజు పొద్దున్నే ఆమె డ్యూటీకి వెళ్లిపోయింది. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే ఐదేళ్ల కూతుర్ని బడి దగ్గర దించి తను పాఠం చెప్పడానికి పోవాలని మాస్టారు అనుకున్నాడు. బస్టాండు కిక్కిరిసి ఉంది. జేబుదొంగల భయంతో ఫోను తీసి పిల్ల బడిసంచిలో పడేశాడు.

"నాన్నా, బూటు ఊడిపోయింది! ఆగు!" అంది పిచ్చుక.

తెలుగులో అంది కదా! మాస్టారు ఆకాశంలోకి చూశాడు. ఆ మాట ఫ్రెంచిలో పిల్లకు ఇంకా రాదు. ఆలోచించి చెబుతుందిలే అని ఆయన అలాగే నిలబడ్డాడు. పిల్ల ఎంతసేపని చూస్తుంది? చెయ్యి విడిపించుకుని బూటు కోసం వెనక్కి పోయింది. అంతలో బస్సు వచ్చింది, జనం తోశారు, మాస్టారు లోపల పడ్డాడు. బస్సు కదిలాక చూసుకుంటే చేతిలో పిల్ల చెయ్యి లేదు.

"ఆపండి! నా పిల్ల! అయ్యో, పిల్ల కింద ఉండిపోయింది!"

బస్సు ఆగేసరికి బస్టాండు చాలా వెనక పడింది. మాస్టారు దిగి పరుగు లంకించుకున్నాడు. రోడ్డు మీద ప్రతి చక్రమూ తన పిల్ల మీదికే పోతున్నట్టు అనిపించింది. ఎవరో ఎత్తుకుపోయి ఉంటారు. లేకపోతే నన్ను వెతుక్కుంటూ బస్సు కిందికే... ఆ పైన ఊహించడానికి ధైర్యం చాలలేదు. వినపడింది కదరా, వినపడి కూడా పైకి చూశావు కదరా అని తనను తాను తిట్టుకుంటూ, ఏడుస్తూ వచ్చి బస్టాండులో పోలీసుల గదిలోకి దూసుకుపోయాడు.

బెంచీ మీద ఒంటి బూటుతో పిచ్చుక కూర్చుని ఉంది.

"తల్లీ! నా బంగారమా! ఎక్కడికి పోయావమ్మా! నా ప్రాణాలు పోయాయి కదే!"

పిల్ల బిత్తరపోయింది. మొహం నాన్నదే, మాట నాన్నది కాదు. పక్కనున్న కానిస్టేబులమ్మ వెనక నక్కింది.

"ఎవరండీ మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఈ పిల్ల తండ్రినండీ!"

"అలాగా? వాళ్ల నాన్నకి తెలుగు ముక్క రాదని ఇందాకే చెప్పింది. మీరేమో గడగడా వాయించేస్తున్నారు. ఏమ్మా, ఈయనేనా మీ నాన్న?"

"మా నాన్నకి తెలుగు రాదు," అని ఏడుపు అందుకుంది పిచ్చుక.

కన్నకూతురు తనను చూసి భయపడుతోంది! "ఫ్రెంచిలో మాట్లాడతానండీ, చూడండి," అని మాస్టారు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఊరి పిల్లలందరికీ నేర్పిన భాష, భయానికి ఎక్కడికి పోయిందో ఒక్క అక్షరం నాలుక మీదికి రాలేదు.

"సరే, మీ ఆవిడకి ఫోను చేసి రమ్మనండి."

"ఆపరేషన్ గదిలో ఉంటుందండీ, ఫోను దగ్గర ఉండదు."

"భలే కుదిరింది," అని ఆసుపత్రికి కబురు పెట్టి, ఫ్రెంచి తెలిసినవాళ్ల కోసం భాషలు నేర్పే సంస్థకు ఫోను చేశాడు ఇన్‌స్పెక్టరు.

"మా మాస్టారు ఇంకా రాలేదండీ," అంది అవతలి అమ్మాయి. "ఆయన నంబరిస్తాను. పిల్ల చేత ఆయనతో ఫ్రెంచిలోనే మాట్లాడించండి. ఇక్కడ ఆయన నోట తెలుగు మేమెప్పుడూ వినలేదు."

ఇన్‌స్పెక్టరు ఆ నంబరు నొక్కాడు. పిల్ల బడిసంచిలో ఫోను మోగింది.

గదిలో అందరూ మాస్టారి వైపు తిరిగారు.

"ఓహో! ఫోను ఇక్కడుంది, పిల్ల ఇక్కడుంది. మరి మాస్టారేరీ? ఏం చేశావురా ఆయన్ని?"

"నేనేనండీ ఆ మాస్టారిని!"

"తెలుగు రాని మాస్టారివి! పట్టుకోండి వీణ్ణి!"

ఓ కానిస్టేబులు వచ్చి మాస్టారి చెయ్యి వెనక్కి విరిచాడు. ఇక పిల్ల తనకు దక్కదనుకున్నాడు మాస్టారు. చెయ్యి ఇంకాస్త మెలి తిరిగేసరికి, ఆ నొప్పికి గొంతు చించుకుని అరిచాడు. ఆ కేక మాత్రం శుద్ధమైన ఫ్రెంచిలో వచ్చింది.

"పపా!" అంటూ పిచ్చుక ఒక్క గెంతులో వచ్చి కాళ్లు చుట్టేసింది. కానిస్టేబులును తోస్తూ ఫ్రెంచిలో ఏదో గట్టిగా అరిచింది.

"ఏమంటోంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"'మా నాన్నని వదలండి' అంటోందండీ," అన్నాడు మాస్టారు.

"నువ్వు చెబితే నమ్మాలా?"

అప్పుడే తలకు ఆపరేషన్ టోపీతోనే భార్య పరుగెత్తుకొచ్చింది. "ఆయన మా ఆయనేనండీ! వదలండి!" అంటూనే ఇద్దర్నీ కలిపి పట్టుకుని ఏడ్చేసింది. కానిస్టేబులు గబుక్కున చెయ్యి వదిలేశాడు.

మాస్టారు నేల మీదే చతికిలబడి పిల్లను గుండెకు అదుముకున్నాడు. ఇన్నేళ్ల గుట్టు రట్టయింది. ఇంత అబద్ధం ఎందుకాడావని పిల్ల అడిగితే ఏ భాషలో జవాబు చెప్పాలో తెలియక ఆయన తల దించుకున్నాడు.

పిచ్చుక ఆయన మొహంలోకి తేరిపార చూసింది. కళ్లు తుడుచుకుంది. తల్లి చెయ్యి పట్టి గుంజింది.

"అమ్మా, అమ్మా! నాన్నకి తెలుగు వచ్చేసింది! రోజూ నేను మాట్లాడుతుంటే వినీ వినీ నేర్చేసుకున్నాడు! నీకంటే బాగా మాట్లాడాడే!"

భార్య మాస్టారి వైపు చూసింది. మాస్టారు బుద్ధిగా తలూపాడు.

మొత్తానికి ఆయన పద్ధతి దివ్యంగా పనిచేసిందని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవలసి వచ్చింది.